దున్నేది ఒకరు, పాస్‌బుక్కులో పేరు ఇంకొకరిది

మా నాన్నకి పశ్చిమ గోదావరిలో మూడెకరాల పొలం ఉంది. నాన్న ఆ పొలంలో చివరిసారి దిగి ముప్పై ఏళ్లు దాటింది, ఆయనకి ఉద్యోగం వచ్చాక మేం ఊరు వదిలేశాం, అప్పట్నుంచీ ఆ పొలం చేసేది మా ఇంటి వెనక వీధిలో ఉండే బాబాయి. చుట్టం కాదు, ఊరి వరస. ఏటా పంట అయ్యాక కౌలు బస్తాల డబ్బు లెక్క కట్టి పంపిస్తాడు, ఎప్పుడైనా తుఫాను వస్తే ఫోన్ చేసి "అన్నయ్యా, ఈసారి నాలుగు బస్తాలు తగ్గించుకోండి" అంటాడు, నాన్న సరే అంటారు. ఇద్దరి మధ్యా ఇన్నేళ్లలో ఒక్క కాయితం లేదు, ఒక్క గొడవా లేదు.

మూడేళ్ల క్రితం జూన్‌లో బాబాయి ఫోన్ చేశాడు. "సచివాలయంలో కౌలు కార్డులు రాస్తున్నారంట అన్నయ్యా, కాయితం మీద మీ సంతకం ఒకటి కావాలంట." నాన్న "చూద్దాంలేరా" అన్నారు. ఆ మాటకి అర్థమేంటో బాబాయికి తెలుసు, మళ్లీ అడగలేదు. నాకు నాన్న మీద కోపం వచ్చింది, ఇంతకాలం నమ్మకంగా చేసినవాడికి ఒక్క సంతకం పెట్టలేరా అని అడిగేశాను కూడా. ఆయన అరవలేదు, కసరలేదు. "ఒకసారి కాయితం మీద వాడి పేరెక్కితే, రేపు నీ పెళ్లికో నా ఆపరేషన్‌కో పొలం అమ్మాల్సి వస్తే ఎవరు అడ్డం పడతారో నాకేం తెలుసు" అన్నారు. నాన్న చెడ్డవాడు కాదు. బాబాయి పొలం కాజేసేవాడూ కాదు. ఇద్దరూ మంచివాళ్లే అయినా ఆ సంతకం ఎందుకు పడలేదో అర్థం చేసుకోవాలని మొదలుపెడితే, అది ఒక చట్టంతోనో ఒక పథకంతోనో తెగే ముడి కాదని తెలిసింది. నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

ముందు ఇది ఎంత పెద్ద విషయమో చూడండి. 2019లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతా రైతు కుటుంబాలను అడిగారు. మొత్తం సాగు కమతాల్లో కౌలుకు తీసుకున్నవి దేశం సగటున 17.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, అంటే దేశంలో అందరికంటే ఎక్కువ. ఇది కూడా సర్వే వాళ్లకి నోరు విప్పి చెప్పినవాళ్ల లెక్క. కౌలు అంతా నోటిమాట మీద నడిచే చోట, ఎవరో తెలియని మనిషి కాగితం పెన్ను పట్టుకుని వచ్చి అడిగితే "సొంతమే" అని చెప్పేవాళ్లు తక్కువేం ఉండరు, కాబట్టి అసలు సంఖ్య ఇంకా పైనే ఉంటుందని నా నమ్మకం. తెలంగాణలో 2022లో రైతు స్వరాజ్య వేదిక ఏడు వేలకు పైగా రైతుల్ని కలిసి చేసిన సర్వేలో మూడో వంతుకు పైగా కౌలు రైతులే తేలారు. డెల్టా ఊళ్లలోకి వెళితే సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మా ఊళ్లో సొంత పొలం సొంతంగా చేసుకునే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతా ఆసాములంతా హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, అమెరికా.

ఇప్పుడు అసలు చిక్కు. మన దగ్గర రైతు కోసం ప్రభుత్వం పెట్టే ప్రతి తలుపుకీ తాళం చెవి ఒకటే, భూమి ఎవరి పేరున ఉందో చెప్పే పట్టాదారు పాస్‌బుక్కు. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, భూమి పేరున ఉన్న కుటుంబానికే. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు ఎకరానికి సీజన్‌కి 4,000తో మొదలై 5,000 అయింది, ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు, కానీ పట్టాదారుకే. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమా కింద రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, నిజంగా మంచి పథకం, అయితే అదీ పట్టాదారుకే. పదెకరాలు కౌలుకు చేసి అప్పుల్లో ప్రాణం తీసుకున్న మనిషి ఇంటికి రైతుబీమా రాదు, ఆ పదెకరాలకీ ఓనరైన హైదరాబాద్ ఉద్యోగి పోతే వస్తుంది. 2025 జనవరిలో రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా ఏడాదికి ఎకరానికి 12,000 అయింది, భూమి లేని కూలీలకు వేరే పథకం కింద 12,000 అన్నారు. మధ్యలో కౌలు రైతు మిగిలిపోయాడు. అతను కూలీ కాదు, ఎందుకంటే లక్షలు పెట్టుబడి పెడుతున్నాడు. రైతూ కాదు, ఎందుకంటే పాస్‌బుక్కు లేదు.

ఆంధ్రాలో 2019లో అదే పేరుతో వచ్చిన వేరే పథకం, రైతు భరోసా, కౌలు రైతుల్ని లెక్కలోకి తీసుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ భూమి ఏమాత్రం లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకే అని గిరి గీశారు, దానికి తోడు కార్డు ఉండాలన్నారు. అర ఎకరం సొంతం ఉండి నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు (మా బాబాయి లాంటివాడు, మన ఊళ్లలో కౌలు రైతుల్లో ఇలాంటివాళ్లు చాలామంది) ఆ గిరి బయటే ఉండిపోయాడు.

డబ్బు పథకాలు ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. బ్యాంకు పంట రుణం, పంటల బీమా, తుఫాను వచ్చినప్పుడు ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ, చివరికి ధాన్యం కొనుగోలు కేంద్రంలో అమ్ముకోవడం, అన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి. ఆంధ్రాలో ఈ-పంట నమోదు అని ఉంది, ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో పొలానికి వచ్చి ఫోటో తీసి ఎక్కించాలి. సాగు చేసేవాడి పేరు ఎక్కించే వీలు అందులో ఉంది, కానీ ఆచరణలో చాలాచోట్ల ఓనరు పేరే ఎక్కుతుంది, ఓనరే ఎక్కించుకుంటాడు. అప్పుడు వరదకి పంట పోతే నష్టం ఒకరిది, పరిహారం పడే అకౌంటు ఇంకొకరిది. మంచి ఓనరైతే ఆ డబ్బు తీసి ఇస్తాడు. పంట పోయినవాడు తన పరిహారం కోసం ఒకరి మంచితనం మీద ఆధారపడాల్సి రావడమే ఇక్కడ తప్పు.

మరి నాన్న భయం ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కౌలుదారుని కాపాడాలని చట్టాలు చేశారు. తెలంగాణ ప్రాంతానికి 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, దాని కింద రక్షిత కౌలుదారులు అని ఒక వర్గాన్ని గుర్తించి, తర్వాత్తర్వాత వాళ్లలో కొందరికి యాజమాన్య హక్కు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. అది భూస్వాముల మీద సాయుధ పోరాటం నడుస్తున్న రోజుల్లో పుట్టిన చట్టం, అప్పటి అవసరం అది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో ఇంకో చట్టం, 1974లో దాన్ని ఇంకా గట్టిగా సవరించారు: కౌలు రాతపూర్వకంగా ఉండాలి, ఆరేళ్లకి తక్కువ ఉండకూడదు, కౌలు మొత్తం పంటలో ఇంత వాటాకి మించకూడదు, పొలం అమ్మితే ముందు కౌలుదారుకే కొనే అవకాశం ఇవ్వాలి.

చదివితే ఒక్క మాట కూడా తప్పు అనిపించదు. కానీ ఊళ్లో ఏం జరిగిందో చూడండి. రాసిస్తే ఆరేళ్లు కదపలేం అని తెలిసిన ఓనరు రాసివ్వడమే మానేశాడు. ప్రతి ఏడాదీ నోటిమాట మీద పదకొండు నెలలకి ఇవ్వడం, రెండు మూడేళ్లకోసారి కౌలుదారుని మార్చేయడం అలవాటైంది. కౌలుదారుని కాపాడాలని చేసిన చట్టమే అతన్ని కాయితం మీద కనపడకుండా చేసింది. "కాయితం రాస్తే పొలం పోతుంది" అనే మాట మా తాతల నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు పొలంతోపాటే వచ్చింది. చట్టం ఏం చెబుతుందో నాన్న చదవలేదు, చదవాల్సిన అవసరం కూడా ఆయనకి రాలేదు, ఎందుకంటే ఊరంతా అదే మాట.

ఆ భయాన్ని దాటే ప్రయత్నం 2011లో జరిగింది, నా లెక్కలో మన రెండు రాష్ట్రాల్లో ఈ విషయంలో వేసిన అన్నిటికంటే తెలివైన అడుగు అది. దానికి ముందు 2004లో ఆర్థికవేత్త జయతి ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్, తర్వాత కోనేరు రంగారావు భూ కమిటీ కౌలు రైతుల్ని గుర్తించమని చెప్పి ఉన్నాయి. 2011లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. అందులో మెలిక ఏంటంటే భూమి హక్కు జోలికే పోలేదు. ఫలానా మనిషి ఈ ఏడాది ఈ పొలం సాగు చేస్తున్నాడు అని మాత్రమే ఒక కార్డు ఇస్తుంది, రుణ అర్హత కార్డు, ఏడాదికే చెల్లుతుంది, దాన్ని చూపించి భూమి మీద ఏ హక్కూ అడగడానికి లేదు. ఓనరు సంతకం అడగలేదు. ఊళ్లో విచారించి ఇస్తారు, ఎందుకంటే ఏ పొలం ఎవరు చేస్తున్నారో ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

అదే ఏడాది కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేలాది ఎకరాల్లో ఖరీఫ్ నాట్లు వేయకుండా వదిలేశారు, గోదావరి నీళ్లు పొలం గట్టున పారుతుంటే. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. వరి గిట్టుబాటు కాకపోవడం, కూలీల ఖర్చు, కాలవల పూడిక, ఇలా చాలా కారణాలు మాట్లాడారు, అన్నీ నిజమే. నాకు మాత్రం ఆ గిట్టుబాటు లెక్క కౌలు రైతు చేతిలో పెట్టి చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది అనిపిస్తుంది, ఆ లెక్క కాసేపట్లో చెబుతాను.

2011 చట్టం కార్డులు ఇచ్చింది గానీ బ్యాంకులు వాటిని పెద్దగా ఖాతరు చేయలేదు. 2019లో ఆంధ్రాలో ఆ చట్టాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం, భూమి మీద ఏ హక్కూ రాదు అని స్పష్టంగా రాశారు, బానే ఉంది, కానీ ఓనరు సంతకం తప్పనిసరి చేశారు. అక్కడే మళ్లీ మొదటికొచ్చింది. ఎవరి భయం వల్ల ఇన్నేళ్లు కాయితం లేకుండా పోయిందో, సరిగ్గా వాళ్ల చేతికే పెన్ను ఇచ్చి సంతకం పెట్టమంటే ఎలా పెడతారు? మా ఇంట్లో జరిగింది అదే. తెలంగాణలో 2011 చట్టాన్ని తీసేయలేదు గానీ కార్డులు ఇవ్వడం ఆగిపోయింది, పైగా కొత్త పాస్‌బుక్కులు, ధరణి వచ్చినప్పుడు పహాణీలో (ఊరి భూమి రికార్డులో) అనుభవదారు కాలమ్ పోయింది. దశాబ్దాలుగా పట్వారీ చేతి రాతలో అయినా "సాగులో ఉన్నది ఎవరు" అని ఒక గడి ఉండేది. ఆ గడిలో అక్రమాలు జరిగాయి, పేర్లు తారుమారయ్యాయి, నిజమే. అయినా గడినే తీసేస్తే అక్రమంతోపాటు మనిషి కూడా మాయమయ్యాడు.

ఇక లెక్కకి వస్తాను. 2025-26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాల్‌కి 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకి 1,777 పడుతుంది. మా వైపు సార్వాలో (వానాకాలం పంటలో) ఎకరానికి 30 బస్తాలు వచ్చాయంటే బాగా పండినట్టే, దాని విలువ 53,310. కౌలు 13 బస్తాలు అనుకుందాం, ఒక్కో ఊరికి ఒక్కోలా ఉంటుంది. 23,101 రూపాయలు ఓనరుకి పోతాయి. మిగిలేది 17 బస్తాలు, 30,209 రూపాయలు. ఇందులోంచే దమ్ము, ఊడ్పు, ఎరువులు, పురుగు మందులు, కలుపు, కోత మిషన్, బస్తాలు మోసిన కూలి. ఇవన్నీ కలిపి ముప్పై వేలు అటూ ఇటూ అవుతున్నాయని మా బాబాయి చెబుతాడు. అంటే పంట బాగా పండి, మద్దతు ధర పూర్తిగా దక్కిన ఏడాది కూడా సార్వాలో అతనికి మిగిలేది దాదాపు సున్నా. భార్యాభర్తలిద్దరూ పొలంలో పడిన కష్టానికి కూలి లేదు. దాళ్వాలో (ఆ తర్వాత వేసే రెండో పంటలో) దిగుబడి ఎక్కువ, అక్కడ నాలుగు రాళ్లు మిగలాలి, ఆ ఆశతోనే సార్వా చేస్తారు.

అదే సొంత పొలమైతే ఆ 23,101 ఇంట్లోనే ఉంటుంది. "వరి గిట్టుబాటు కావట్లేదు" అని అందరూ అంటాం, కానీ అందులో రెండు వేర్వేరు కథలున్నాయి. ఓనరు తనే చేసుకుంటే ఏదో ఒకలా గట్టెక్కే పంట, కౌలు రైతు చేతిలోకి వచ్చేసరికి నష్టం. మద్దతు ధర లెక్కగట్టే మాటల్లో ఈ తేడా ఎప్పుడూ మరుగున పడిపోతుంది.

ఇప్పుడు వడ్డీ కలపండి. ఆ ముప్పై వేల పెట్టుబడి బ్యాంకు నుంచి వస్తే, 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం వెనక్కి వస్తుంది, అంటే 4 శాతం. ఆరు నెలలకి 600 రూపాయలు. ఎరువుల కొట్టులోనో వడ్డీ వ్యాపారి దగ్గరో తెస్తే నెలకి నూటికి రెండు రూపాయలు, కొన్నిచోట్ల మూడు. రెండే అనుకున్నా ఆరు నెలలకి 3,600. ఒకే ఊళ్లో, ఒకే చేలో, ఒకే పంటకి, ఒకడి వడ్డీకి ఇంకొకడి వడ్డీ ఆరు రెట్లు. ఐదెకరాలు చేస్తే ఒక్క సీజన్‌లో 15,000 తేడా. పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే 6,000 దీని ముందు ఎంత?

విచిత్రం ఏంటంటే బ్యాంకు రూల్స్ కౌలు రైతుకి అడ్డం కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లోనే కౌలు రైతులు, నోటిమాట కౌలుదారులు, పాలికి (పంటలో వాటాకి) చేసేవాళ్లు అర్హులని రాసి ఉంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా వ్యవసాయ రుణం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. రాతలో అంతా ఉంది. కానీ బ్రాంచిలో కూర్చున్న మేనేజర్ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. అప్పు ఎగ్గొడితే ఎవరిని పట్టుకోవాలి, వచ్చే ఏడాది ఇతను ఇదే పొలం చేస్తాడా, ఇంకో ఊరు పోతాడా, అతనికి తెలియదు. దానికంటే పెద్ద అడ్డంకి ఇంకోటుంది: ఆ సర్వే నంబరు మీద ఓనరు అప్పటికే పంట రుణం తీసేసుకుని ఉంటాడు. వ్యవసాయం పేరుతో తక్కువ వడ్డీకి వచ్చే ఆ డబ్బు పట్నంలో కారు కిస్తీకో పిల్లల ఫీజుకో పోతుంది. ఒకే భూమి మీద రెండు పంట రుణాలు ఇవ్వరు కాబట్టి కౌలు రైతు కార్డు పట్టుకుని వెళ్లినా తిరిగొస్తాడు. వ్యవసాయానికి ఇన్ని లక్షల కోట్ల రుణాలిచ్చాం అని ఏటా వార్త వస్తుంది, ఆ డబ్బు ఎంతవరకు పొలం గట్టు దాకా వచ్చిందో ఆ వార్తలో ఉండదు.

అదే 2019 సర్వే ప్రకారం ఆంధ్రాలో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి, దేశం సగటు 50.2 శాతం. ఆంధ్రాలో ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు 2.45 లక్షలు, దేశంలో 74 వేలు. దీనికి కౌలు ఒక్కటే కారణం అనను, బోర్లు, మిర్చి పత్తి లాంటి పెట్టుబడి పంటలు, పిల్లల చదువులు, ఆసుపత్రులు అన్నీ ఉన్నాయి. కానీ దేశంలోనే ఎక్కువ కౌలు ఉన్న రాష్ట్రంలో దేశంలోనే ఎక్కువ అప్పు ఉండటం కాకతాళీయం అని నేను అనుకోను.

అప్పు ఇచ్చిన కొట్టు మనిషికే పంట అమ్మాలి, అది రాయని ఒప్పందం. కల్లంలోనే కాటా పెడతాడు, తేమ ఉందని రెండు కిలోలు తరుగు తీస్తాడు, కాదనడానికి లేదు, వచ్చే సీజన్‌కి యూరియా కావాలి కదా. మిర్చి, పత్తి చేసే చోట ఇంకా కష్టం. అక్కడ చాలా ఊళ్లలో విత్తనం పెట్టక ముందే కౌలు మొత్తం నగదుగా కట్టేయాలి. వరి కౌలులో కనీసం పంట పోతే ఓనరు రెండు బస్తాలు తగ్గించుకుంటాడు, ముందే చెల్లించిన నగదు కౌలులో ఆ మాటకే చోటు లేదు. వాన రాకపోయినా, తామర పురుగు వచ్చినా, రేటు పడిపోయినా మొత్తం రిస్కు ఒక్కడిదే.

నేల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు అది చాలా బాధగా ఉంటుంది. వచ్చే ఏడాది ఈ చేను నా చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు చెరువు మట్టి ఎందుకు తోలిస్తాడు? జీలుగ, జనుము వేసి ఎందుకు కలియదున్నుతాడు? పశువుల ఎరువు ఫలితం రెండు మూడేళ్లు కనిపిస్తుంది, యూరియా ఫలితం వారంలో కనిపిస్తుంది. పదకొండు నెలల మనిషి యూరియానే చల్లుతాడు. అది అతని అజ్ఞానం కాదు, అతనికి మనం ఇచ్చిన గడువు అంత. ఊళ్లలో నేల చవుడు తేలుతోంది, ఖర్చు పెరిగి దిగుబడి పెరగట్లేదు అని వ్యవసాయ అధికారులు వాపోతారు. భూసార పరీక్ష కార్డులు పంచితే దీనికి మందు దొరకదు.

అలాంటప్పుడు కౌలు ఎందుకు చేస్తారు, మానేయొచ్చు కదా అని పట్నంలో చాలామంది అడుగుతారు. నేనూ బాబాయిని అడిగాను. "మానేసి ఏం చేయమంటావురా" అన్నాడు. ఆ ప్రశ్నలో దేశం మొత్తం కథ ఉంది. 2023-24 కార్మిక సర్వే ప్రకారం మన దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం మంది ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు, దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా మాత్రం 18 శాతం దగ్గర ఆగింది. అంటే సగానికి దగ్గర జనం ఐదో వంతు కూడా లేని ఆదాయాన్ని పంచుకుంటున్నారు. వేరే దేశాల్లో ఊరి నుంచి ఫ్యాక్టరీకి దారి పడింది, మన దగ్గర చదువుకున్నవాళ్లకి ఊరి నుంచి ఐటీ ఆఫీసుకి దారి పడింది, పదో తరగతి దాకా చదివి పొలం పని మాత్రమే వచ్చిన నలభై ఐదేళ్ల మనిషికి దారి పడలేదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, తాపీ పని, లేదా గల్ఫ్. వాటికంటే సొంత ఊళ్లో కౌలు రైతుగా ఉంటే కనీసం పదిమందిలో రైతు అనే పేరుంటుంది, ఇంట్లో తిండి గింజలుంటాయి, కూతురి సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. పొలం కోసం పోటీ పడేవాళ్లు ఎక్కువ, ఇచ్చే పొలాలు అన్నే. అందుకే పంట గిట్టకపోయినా కౌలు తగ్గదు.

ఇంకో వైపు భూమి ధర. మా వైపు ఎకరం పలికే రేటుతో పోలిస్తే ఏడాదికి రెండు పంటలకి వచ్చే కౌలు నూటికి ఒక్క రూపాయి కూడా ఉండదు, ఆ డబ్బు బ్యాంకులో వేస్తే ఇంతకి ఎన్నో రెట్లు వస్తుంది. అయినా ఎవరూ అమ్మరు, ఎందుకంటే భూమి ఇప్పుడు పంట పండించే నేల కంటే దాచిపెట్టుకున్న సొమ్ము అయిపోయింది. కౌలు రైతు వెయ్యి బస్తాలు పండించినా ఆ ఎకరం కొనలేడు. "దున్నేవాడికే భూమి" అన్న పాత నినాదం నాకు ఇష్టమే, కానీ ఈ ధరల దగ్గర అది కొనుగోలు ద్వారా జరగదు, పంపిణీ ద్వారా చేసే రాజకీయ బలం ఇప్పుడు ఎవరికీ లేదు. కాబట్టి భూమి సంగతి కాసేపు పక్కన పెట్టి, దున్నేవాడికే సాయం అన్న దగ్గరైనా నిలబడాలని నా వాదన.

అది సాధ్యమేనా అంటే, పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా పేరుతో పాలికి చేసే రైతుల పేర్లు నమోదు చేశారు. అధికారులు ఆఫీసులో కూర్చోలేదు, సాయంత్రాలు ఊళ్లలో శిబిరాలు పెట్టి, అందరి ముందూ అడిగి రాసుకున్నారు, 14 లక్షలకు పైగా పేర్లు ఎక్కాయి. అక్కడ ఇచ్చింది సాగులో కొనసాగే హక్కు, వారసత్వ హక్కు, మనం అడుగుతున్నదాని కంటే చాలా పెద్దది. అంత పెద్దదే చేయగలిగినప్పుడు, ఏడాదికి చెల్లే ఒక గుర్తింపు కార్డు చేయలేమా? కేరళలో కుటుంబశ్రీ మహిళలు గుంపులుగా పొలాలు కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు, గుంపు వెనక పంచాయతీ నిలబడింది కాబట్టి ఓనరుకి భయం లేదు, బ్యాంకుకి హామీ ఉంది. మన డ్వాక్రా సంఘాలు ఇంత బలంగా ఉన్న రాష్ట్రాల్లో ఆ దారి పెద్ద ఎత్తున ఎందుకు పట్టలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2016లో నీతి ఆయోగ్ కూడా ఒక నమూనా కౌలు చట్టం రాసి రాష్ట్రాలకి ఇచ్చింది: ఓనరు హక్కుకి పూర్తి భరోసా ఇవ్వండి, కౌలుదారుకి రుణం, బీమా, పరిహారం ఇవ్వండి, రెండూ కలపకండి అని దాని సారాంశం.

నా అభిప్రాయం కూడా దాదాపు అదే, కాకపోతే ఒక్క విషయంలో గట్టిగా ఉంటాను. ఓనరు సంతకం తీసేయాలి. ఈ-పంట నమోదుకి పొలానికి వచ్చిన మనిషి, అక్కడ పని చేస్తున్నది ఎవరో చూసి, గ్రామసభలో చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని గడువిచ్చి, సాగుదారు పేరు ఎక్కించాలి. ఆ నమోదు ఏ కోర్టులోనూ భూమి హక్కుకి సాక్ష్యంగా చెల్లదని చట్టంలో రాసి, ఆ ఒక్క వాక్యాన్ని నాన్న లాంటి లక్షల మందికి అర్థమయ్యేలా పాస్‌బుక్కు మీదే ముద్రించాలి. పంటకి సంబంధించిన ప్రతి రూపాయీ, రుణమైనా పరిహారమైనా, ఆ సీజన్ నమోదైన పేరుకే వెళ్లాలి. ఓనరు తన పట్నం అవసరానికి పంట రుణం తీసుకునే దారి మూసేస్తే, ఆ సర్వే నంబరు కౌలు రైతుకి ఖాళీ అవుతుంది. బ్యాంకు భయపడే నష్టానికి ప్రభుత్వం కొంత పూచీ ఉండాలి, చిన్న పరిశ్రమలకి హామీ నిధి పెట్టినవాళ్లం ఐదెకరాల కౌలు రైతుకి పెట్టలేమా.

ఇలా చేస్తే ఓనర్లు పొలాలు బీడు పెట్టేస్తారని ఒక వాదన ఉంది. తేలిగ్గా తీసేయను, అసైన్డ్ భూముల్లోనూ (ప్రభుత్వం పేదలకి పంచినవి) దేవాలయ భూముల్లోనూ నియమాలు ఇంకా చిక్కుగా ఉన్నాయి, అసైన్డ్ భూమిని చేతులు మార్చకూడదని 1977 చట్టం అంది కాబట్టి (ఆంధ్రాలో 2023లో పాత పట్టాలకి కొంత సడలించారు) అక్కడ కౌలు చేసేవాడు చాలావరకు దొంగచాటు రైతే. అయినా డెల్టాలో రెండు పంటలు పండే పొలం బీడు పెట్టి ఏటా వచ్చే కౌలు వదులుకునే ఓనరు ఎంతమంది ఉంటారు? కొన్నేళ్లు గుంజాటన ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

పోయినేడాది జూన్‌లో నాన్న సంతకం పెట్టారు. చట్టం కాపీ తెచ్చి, భూమి హక్కుకీ ఈ కార్డుకీ సంబంధం లేదన్న చోట గీత గీసి, రెండుసార్లు చదివి వినిపించాను. బాబాయి కార్డు తీసుకుని బ్యాంకుకి వెళ్లాడు. ఆ సర్వే నంబరు మీద అప్పటికే పంట రుణం ఉందన్నారు. అది మాదే. నాన్న నాలుగేళ్ల క్రితం నా కోర్సు ఫీజుకి తీసుకున్నది, ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నారు, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆ డబ్బు సర్దడానికి మాకు డిసెంబరు దాకా పట్టింది. అప్పటికి సార్వా కోతలు అయిపోయాయి, బాబాయి ఎప్పట్లాగే ఎరువుల కొట్టులో నూటికి రెండు రూపాయలకి తెచ్చి కట్టాడు. దాళ్వాకి లోన్ వచ్చింది, ఎకరానికి వాళ్లిచ్చే లెక్క ప్రకారం మూడెకరాలకి, ఇన్నేళ్లలో మొదటిసారి. మేలో కార్డు గడువు అయిపోయింది, కొత్త కాయితం నాన్న టేబుల్ మీద ఉంది.